గార్మెంట్ యూనిట్‌లో వెల్ఫేర్ ఆఫీసర్‌గా కొత్తగా చేరాను, ముందు దేన్ని పట్టుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు బట్టలు కుట్టే యూనిట్‌లో వెల్ఫేర్ ఆఫీసర్‌గా చేరారు. నాలుగు వందల మంది దాకా ఆడవాళ్లు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వస్తారు, కొంతమంది హాస్టల్లో ఉంటారు. మేనేజ్‌మెంట్ కొద్దిపాటి డబ్బు కేటాయించి "ఏదో ఒకటి చెయ్యండి" అంది. మెడికల్ క్యాంపు, మహిళా దినోత్సవం నాడు ముగ్గుల పోటీ తప్ప ఏమీ తోచట్లేదు. క్రెష్ (పనిచేసే తల్లుల పిల్లలను చూసుకునే గది) ఖాళీగా ఉంది కాబట్టి మూసేద్దామంటున్నారు. నిజంగా వాళ్లకు పనికొచ్చేది ఏమిటి?

సూటిగా చెప్తాను. ముందు బాత్రూమ్ సంగతిని గంటకు ఇన్ని పీసులు కుట్టాలన్న టార్గెట్ నుంచి విడదీయండి. తర్వాత బస్సు చూడండి. ఆ తర్వాత పే స్లిప్పు. ఈ మూడింటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు, కానీ ప్రొడక్షన్ మేనేజర్‌తో కాస్త గొడవ పడాల్సి వస్తుంది. క్రెష్ మూయనివ్వకండి, దాని గురించి చివర్లో రాస్తాను.

నేను విజయనగరం జిల్లా మనిషిని. మొదట మిషను మీద కూర్చుని కుట్టాను, తర్వాత లైన్ సూపర్‌వైజర్‌గా చేశాను, చాలా ఏళ్లుగా కంప్లయన్స్ పనిలో, అంటే చట్టం, బయ్యర్ నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే పనిలో ఉన్నాను. తిరుపూరు, బెంగళూరు, విశాఖ చుట్టుపక్కల యూనిట్లలో చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

మొదటి వారం ఏమీ మార్చకండి. మధ్యాహ్నం భోజనం బెల్ కొట్టగానే లైన్ల మధ్య ఒకసారి నడవండి. ప్రతి మిషను పక్కనా ఒక నీళ్ల బాటిల్ ఉంటుంది. పొద్దున నింపి తెచ్చుకున్న నీళ్లు మెడ దాకా అలాగే ఉన్నాయా, సగమైనా అయ్యాయా చూడండి. నిండుగా ఉన్న బాటిళ్లు ఎన్నో రాసుకోండి. ఇంతకంటే మంచి సర్వే మీకు దొరకదు. నోటితో అడిగితే అందరూ "బాగానే ఉంది మేడమ్" అనే అంటారు.

నీళ్లు తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి. వెళ్తే ఆ గంట పీసులు తగ్గుతాయి. తగ్గితే లైన్లో అందరి ముందూ మాటలు పడాలి. అందుకని తాగడం మానేస్తారు. కొన్నేళ్లు ఇలా గడిస్తే మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్. నెలసరి రోజుల్లో ఏకంగా సెలవు పెట్టేస్తారు, దాంతో హాజరు బోనస్ పోతుంది. మీ రిజిస్టర్‌లో అది "గైర్హాజరు" అని మాత్రమే కనబడుతుంది.

ఇక్కడ మీకు బాగా ఉపయోగపడే సంగతి ఒకటుంది, హెచ్ఆర్ వాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. ఐఈ (ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్) డిపార్ట్‌మెంట్ వాళ్లు ప్రతి ఆపరేషన్‌కీ ఎస్ఎంవీ కడతారు, అంటే ఒక పీసుకు ఎన్ని నిమిషాలు పడుతుందన్న లెక్క. స్టాప్‌వాచ్‌తో తీసిన సమయాన్ని అలాగే ఉంచరు. అలసట, నీళ్లు, బాత్రూమ్, దారం తెగడం వీటన్నిటికీ కొంత కలుపుతారు. దాన్ని అలవెన్స్ అంటారు. నూటికి 15 కలిపారనుకోండి, గంటలో ఏడెనిమిది నిమిషాలు ఆ టైలర్‌వే. భుజం కుట్టుకు ఎస్ఎంవీ అర నిమిషమైతే నూటికి నూరు ఎఫిషియెన్సీ మీద గంటకు 120 పీసులు రావాలి. లైన్ 65 శాతం మీద నడుస్తుంటే 78. ఆ 78లో ఆమె బాత్రూమ్‌కి వెళ్లొచ్చే సమయం ముందే ఉంది. అలాంటప్పుడు వెళ్లొచ్చినందుకు తిట్టడమంటే, ఇచ్చిన సమయాన్ని మళ్లీ గుంజుకోవడమే.

కాబట్టి ఐఈ షీటు అడిగి తీసుకోండి. అలవెన్స్ కాలమ్ చూడండి. కొన్ని చోట్ల అది కాగితం మీద ఉంటుంది, బోర్డు మీద టార్గెట్ రాసేటప్పుడు మాత్రం ఇంకో పది పీసులు పైన వేస్తారు. ఆ తేడా పట్టుకుని ప్రొడక్షన్ మేనేజర్‌తో మాట్లాడితే మీ మాటకు బలం ఉంటుంది. "ఆడవాళ్లు పాపం" అని మొదలుపెడితే ఆయన తల ఊపి ఊరుకుంటాడు.

టోకెన్ పద్ధతి ఉంటే తీసేయించండి. లైన్‌కి ఇద్దరికే టోకెన్లు, ఒకామె వచ్చాకే ఇంకొకామె వెళ్లాలి, అదీ సూపర్‌వైజర్ చేతి నుంచి తీసుకోవాలి అనేది చాలా చోట్ల చూశాను. సూపర్‌వైజర్ మగవాడైతే నెలసరి రోజుల్లో ఆ చెయ్యి చాపడమే పెద్ద శిక్ష. నేను ఒక యూనిట్‌లో టోకెన్లు ఎత్తించినప్పుడు మొదట్లో గుంపులు గుంపులుగా వెళ్లిన మాట నిజం. మేనేజర్ "చూశారా, నేను చెప్పలేదా" అన్నాడు. కొన్నాళ్లకు అదే సర్దుకుంది. అన్ని పనులూ వచ్చిన ఒక టైలర్‌ని లైన్‌కి అదనంగా పెట్టించాం, ఎవరు లేచినా ఆమె ఆ మిషను మీద కూర్చునేది. ఫ్లోటర్ అంటారు. మీ దగ్గర ఇప్పటికే ఉండి ఉండొచ్చు, కానీ ఆమెను ఎప్పుడూ గైర్హాజరైన వాళ్ల స్థానంలోనే కూర్చోబెడుతుంటారు.

బాత్రూముల లెక్క కూడా చూడండి. 25 మంది ఆడవాళ్లకు ఒకటి ఉండాలి, అంటే మీకు పదహారు. లెక్కకు ఉన్నా అందులో ఎన్నింటికి లోపల గడియ పడుతుందో, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎన్ని కుళాయిల్లో నీళ్లొస్తున్నాయో మీరే వెళ్లి చూడండి. మీ బడ్జెట్లో మొదటి ఖర్చు గడియలు, బల్బులు, మూత ఉన్న చెత్త డబ్బాలు, ఎండాకాలానికి ఇంకో నీళ్ల ట్యాంకు. ఆడిట్ రోజున సబ్బు, టవల్ పెట్టి మర్నాడు తీసేసే అలవాటు ఉంటే దాన్ని ఆపడం కూడా మీ పనే.

సూది గుచ్చుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. బయట వాళ్లకు ఇది తెలియదు. సూది విరిగితే ముక్కలన్నీ దొరకాలి, రిజిస్టర్‌లో అతికించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ చుట్టుపక్కల పీసులన్నీ ఆపి మెటల్ డిటెక్టర్ కింద పెట్టాలి, బయ్యర్ నిబంధన అది. అందువల్ల వేలిలో సూది దిగిన అమ్మాయి దగ్గరికి పరిగెత్తుకొచ్చిన సూపర్‌వైజర్ మొదట అడిగే మాట "ముక్క ఏదీ?" అని. ఆ పిల్ల ఒక చేత్తో వేలు పట్టుకుని, ఇంకో చేత్తో మిషను కింద వెతుకుతుంటుంది. ఇది కళ్లారా చూశాక చాలామంది గాయం దాచేస్తారు, గుడ్డముక్క చుట్టుకుని కుడుతూ ఉంటారు. మీరు ఒక్క నియమం పెట్టించండి: ముందు మనిషి ఫస్ట్ ఎయిడ్‌కి, ముక్క వెతకడం మెకానిక్ పని. సూదికి ముందుండే గార్డు ఎన్ని మిషన్లకు లేదో కూడా చూడండి. అడ్డంగా ఉందని వాళ్లే తీసేస్తుంటారు, గార్డుతో ఆ టార్గెట్ రాదు కాబట్టి.

రోజంతా నిలబడే చెకింగ్, ట్రిమ్మింగ్ వాళ్లకు పొడుగు స్టూళ్లు వేయించండి. నిలబడి చేసే పనిలో వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉంది.

ఇక బస్సు. దీన్ని చాలామంది ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ సమస్యగా వదిలేస్తారు. నా లెక్కలో ఫ్లోర్ ఎంత ముఖ్యమో బస్సు అంతే ముఖ్యం. లావేరు, జి.సిగడాం, పూసపాటిరేగ వైపు నుంచి వచ్చేవాళ్లు ఆరు గంటల బస్సు అందుకోవాలంటే నాలుగింటికి లేచి పొయ్యి ముట్టించాలి. మీరు కనీసం ఒక్కరోజు చివరి స్టాప్ నుంచి ఆ బస్సెక్కి రండి. సాయంత్రం అదే బస్సులో వెళ్లండి.

నేను వెళ్లినప్పుడు చూసింది ఏమిటంటే, సాయంత్రం బస్సు హైవే మీద ఊరికి అవతలి వైపు ఆపేవాడు. యూటర్న్ తిరిగితే డీజిల్ దండగని. చీకట్లో, భోజనం డబ్బా సంచీ భుజానికి వేసుకుని, లారీల మధ్య డివైడర్ దాటి పోయేవాళ్లు. బస్సు ఊరివైపు ఆపేలా కాంట్రాక్టర్ ఒప్పందంలో ఒక వాక్యం రాయించడానికి నెలలు పట్టింది, కానీ అయింది. ఓటీ (ఓవర్‌టైమ్) రోజుల్లో ఊళ్లోకి వెళ్లి దింపాలని కూడా అందులోనే రాయించండి. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వచ్చిపోయే దారిలో డ్యూటీకి సంబంధించి జరిగిన ప్రమాదాన్ని ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కింద పని ప్రమాదంగానే చూస్తారని, కంపెనీ ఏర్పాటు చేసిన బస్సు కూడా లైంగిక వేధింపుల చట్టం కింద పనిస్థలమేనని డ్రైవర్లకూ, క్లీనర్లకూ చెప్పించండి.

తుపాన్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రోడ్డు మీద చెట్లు పడి బస్సు రాకపోతే హాజరు బోనస్ కోసే యూనిట్లు ఉన్నాయి. ఇది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అలాగే ఉభాలు (వరి నాట్లు), కోతల రోజుల్లో, సంక్రాంతికి, ఊరి అమ్మవారి పండక్కి జనం రారు. మన వైపు అది ఎవరూ ఆపలేరు. ఏ ఊరి పండగ ఎప్పుడో రాసుకుని సెలవులు వంతుల వారీగా ముందే ఇస్తే, చెప్పకుండా మానేసేవాళ్లు తగ్గుతారు. బయట రాష్ట్రాల నుంచి వచ్చిన మేనేజర్లకు ఇది అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది.

తిండి గురించి ఒక్కమాట. పొద్దున పదింటికి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లే. ఇంట్లో అందరికీ వండి, తాను తినకుండా బస్సెక్కుతుంది. మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. మెడికల్ క్యాంపు పెట్టే డబ్బుతో రోజూ తొమ్మిదిన్నరకు గ్లాసుడు చోడి (రాగి) అంబలి, బెల్లం ముక్క ఇప్పించండి. హిమోగ్లోబిన్ పరీక్షకు, ఐరన్ మాత్రలకు దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టరుకు ఉత్తరం రాయండి, ఆ పని వాళ్లదే.

పే స్లిప్పు. జీతం పెంచడం మీ చేతిలో లేదు. వచ్చేది సరిగ్గా వచ్చేలా చూడటం మాత్రం ఉంది. కనీస వేతనంలో డీఏ (కరువు భత్యం) ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది, అది కలిసిందో లేదో చూడండి. ఏళ్ల తరబడి ఓవర్‌లాక్ మిషను మీద కుడుతున్నామె ఇంకా హెల్పర్ గ్రేడ్‌లోనే ఉందేమో చూడండి, ఇది చాలా మామూలు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి. దాని బదులు "ఆర్డర్లు లేనప్పుడు సెలవు తీసుకో" అని కాంప్ ఆఫ్ ఇస్తుంటే అది ఓటీని ఎగ్గొట్టడమే. హాస్టల్ ఖర్చు, బస్సు ఖర్చు కోస్తే స్లిప్పులో విడివిడిగా కనబడాలి, తెలుగులో.

పీఎఫ్ దగ్గర అసలు చిక్కు పేర్లతో. చేరినప్పుడు పుట్టింటి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. మధ్యలో తిరుపూరులో కొన్నాళ్లు చేసి ఉంటే రెండో యూఏఎన్ (పీఎఫ్ నంబరు). డబ్బు తీసుకోబోయేసరికి క్లెయిమ్ తిరస్కరిస్తారు, నెట్ సెంటర్ వాడు వేలకు వేలు అడుగుతాడు. జీతాల రోజున క్యాంటీన్‌లో ఒక టేబుల్, ఒక కంప్యూటర్ పెట్టి మీరే ఈ దిద్దుబాట్లు చేయించండి. నామినీ పేరు కూడా అప్పుడే చూడండి, పెళ్లికి ముందు రాసిన నామినేషన్ చాలామందికి అలాగే ఉండిపోతుంది. "వీళ్లకు పీఎఫ్ గురించి ఏం తెలుసు" అనే మేనేజర్ ఉంటే 2016 ఏప్రిల్ గుర్తు చేయండి. పీఎఫ్ డబ్బు తీసుకోవడం మీద కొత్త ఆంక్షలు పెట్టినందుకు బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువగా ఆడవాళ్లే, రోడ్ల మీదికొస్తే కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది.

ఈఎస్ఐ కోసం జీతంలో 0.75 శాతం కోస్తున్నారు, యాజమాన్యం 3.25 కడుతోంది. కానీ డిస్పెన్సరీకి వెళ్లాలంటే ఒక రోజు కూలీ పోతుందని ప్రైవేటు డాక్టరుకే చూపించుకుంటారు. వారంలో ఒకరోజు కంపెనీ వ్యానులో కొంతమందిని తీసుకెళ్లి, ఆ పూట హాజరు వేయించండి. గర్భిణుల విషయం ఇంకా ముఖ్యం. ఇద్దరు పిల్లల దాకా 26 వారాల ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది, అంతకు ముందు రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి 70 రోజుల చందా కట్టి ఉంటే చాలు. ఆ పీరియడ్లు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ఇది తెలియక నాలుగో నెల రాగానే మానేసేవాళ్లు ఎందరో. మానేసే ముందు ఒక్కసారి మీ దగ్గరికి వచ్చేలా చూడండి.

హాస్టల్ పిల్లలు సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ (గిరిజన ప్రాంతం) వైపు నుంచి వచ్చినవాళ్లయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వాళ్లను కాపాడుతున్నామంటూ గేటుకు తాళం వేసి, ఫోన్లు తీసుకుని, ఆదివారం కూడా బయటికి పంపని వార్డెన్లు ఉంటారు. పద్దెనిమిది నిండిన మనిషి సెలవు రోజున సంతకం పెట్టి బజారుకెళ్లొచ్చు. రాత్రి తలుపులకు బయట తాళం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఫ్లోర్‌లో వెనక తలుపులకు కూడా అంతే. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో వాయువు లీకై బట్టలు కుట్టే ఆడవాళ్లు వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. మీ పక్కన పైడిభీమవరంలో ఫార్మా ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఫైర్ డ్రిల్ ఒక్కటే సరిపోదు, ఘాటు వాసన వస్తే ఎటు పరిగెత్తాలో కూడా నేర్పించండి.

ఫిర్యాదుల పెట్టె హెచ్ఆర్ తలుపు పక్కన, కెమెరా కింద ఉంటే అందులో కాగితం పడదు. దాన్ని బాత్రూముల దగ్గరికి మార్చండి. అయినా రాసేవాళ్లు తక్కువే. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలు ఎవరో, ఆమె ఫోన్ నంబరు ఏమిటో ప్రతి లైన్‌కీ తెలియాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉందనీ తెలియాలి. అసలు మార్పు మాత్రం లైన్‌లోంచి వాళ్లు ఎన్నుకున్న మనిషి ఉన్నప్పుడే వస్తుంది. తమిళనాడులో ఒక కార్మికురాలి హత్య తర్వాత 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందంలో యూనియన్ ఆధ్వర్యంలో కార్మికుల్లోంచే, వేధింపులను గమనించే షాప్ ఫ్లోర్ మానిటర్లను పెట్టారు. మీ మేనేజ్‌మెంట్ యూనియన్ అంటే ఉలిక్కిపడుతుందేమో. మీరు దానికి అడ్డుపడకండి, అది మీ ఉద్యోగంలో భాగం కాదు.

మీ చేతిలో లేనివి కూడా చెప్తాను. షిప్‌మెంట్ తేదీ, బయ్యర్ ఇచ్చే ధర, అసలు జీతం. షిప్‌మెంట్ దగ్గరపడిన వారం మీరు చెప్పినవన్నీ గాలికి పోతాయి. అప్పుడు అరవకండి, రాసుకోండి. ఎంతమంది మానేశారు, ఎన్ని పీసులు ఆల్టర్‌కి (మళ్లీ సరిచేయడానికి) వచ్చాయి అన్నది పక్కపక్కన రాసి నెలాఖరు మీటింగ్‌లో పెట్టండి. కొత్తగా చేరినామె చేయి తిరగడానికి నెలలు పడుతుందని, ఆ నష్టం ఎంతో వాళ్లకు మీకంటే బాగా తెలుసు.

చట్టం కూడా కొంత మీవైపు ఉంది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో 500 మంది ఉంటేనే వెల్ఫేర్ ఆఫీసర్, ఇప్పుడు 250కే. క్యాంటీన్ 250 నుంచి 100కి దిగింది. కొన్ని నియమాలు ఇంకా పాత వాటి మీదే నడుస్తున్నాయి కాబట్టి జిల్లా కార్మిక శాఖ, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుల్లో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఇప్పుడు క్రెష్. అది ఖాళీగా ఉందంటే పిల్లలు లేరని కాదు. గంటన్నర కిక్కిరిసిన బస్సులో నిలబడి ఏడాది బిడ్డను ఎవరు తెస్తారు? ప్రతి బస్సులో ముందు సీట్లు తల్లులకు వదలండి. క్రెష్ మొదటి బస్సు రాకముందే తెరిచి, ఓటీ ఉన్నరోజు ఓటీ అయ్యేదాకా ఉంచండి. ఆయాను ఆ ఊళ్లలోంచే పెట్టండి, తెలిసిన ముఖం అయితే తప్ప బిడ్డను వదలరు. పాలిచ్చే తల్లికి బిడ్డ 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలు ఇవ్వాలి, ఆ సమయాన్ని లైన్ టార్గెట్‌లోంచి తగ్గించమని ఐఈ వాళ్లకు చెప్పండి. అప్పుడూ ఎవరూ తేకపోతే ఆలోచిద్దాం. పాత చట్టంలో 30 మందికి మించి ఆడవాళ్లుంటే క్రెష్ ఉండాలి, కొత్త కోడ్‌లో మొత్తం 50 మంది పనివాళ్లుంటే ఉండాలి. మీరు రెండింటిలోనూ వస్తారు. మూసేయమన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి.